నడుం బెల్టు వేస్తే ఊపిరాడట్లా, తొడలు తిమ్మిరెక్కుతుండాయి. నేను వేసుకునేదే తప్పా?

చీరల కౌంటరు
ఏప్రిల్ 28, రాత్రి 10:05

అక్కలకీ అన్నలకీ నమస్తే. నాకిప్పుడు ఇరవైనాలుగో వారం. తొలికాన్పు. నెల్లూరు ట్రంకురోడ్డులో చీరల షాపులో పని. పొద్దున పదింటికి కౌంటరు వెనక నిలబడితే దిగేసరికి రాత్రి ఎనిమిదిన్నర. పెళ్లిళ్ల సీజను. ఒక్కో పార్టీకి యాభై అరవై చీరలు విప్పి చూపించాల, వాళ్లు లేచిపోయినాక మళ్లీ మడతలు పెట్టాల. కూర్చుందామంటే స్టూలు లేదు.

నెలరోజుల నుంచీ నడుం కింద, పిరుదుల పైన రెండు గుంటలు పడతాయే, సరిగ్గా ఆడ నొప్పి. రాత్రి మంచం మీద పక్కకి తిరగాలంటే ప్రాణం పోతాది. డాక్టరమ్మకి చెప్తే కాల్షియం మానొద్దు, కావాలంటే బెల్టు వాడుకో అనింది. మా ఆయన పోయి మందుల షాపులో నడుం బెల్టు తెచ్చాడు. నల్లది, జానెడు వెడల్పు, వెనకపక్క లోపల నాలుగు కడ్డీలు ఉండాయి.

వేసుకున్న మొదటి గంట హాయి. తర్వాత ఊపిరాడదు, పుల్లటి తేన్పులు. మధ్యాహ్నానికి తొడలు బయటిపక్క తిమ్మిరి. సాయంత్రం తీసి చూస్తే లంగా నాడా ముడి ఉన్నచోట ఎర్రటి గాటు. మా అత్త "ఆ బిడ్డని ఎందుకట్ట నొక్కిపెట్టేది" అంటాది. తీసేస్తే నిలబడలేను. బిడ్డకేమన్నా అవుతాదేమోనని నిద్ర పట్టట్లా. ఎవరన్నా వాడినోళ్లు చెప్పండి.

ఒంగోలు గిత్త
ఏప్రిల్ 28, రాత్రి 10:22

చెల్లెమ్మా, భయపడమాక. మా ఇంటామె రెండు కాన్పులకీ వాడింది. ఏం కాలేదు, ఇద్దరూ ఇల్లు పీకి పందిరేస్తన్నారు. గట్టిగా బిగిస్తేనే పనిచేసిద్ది అని విన్నా. బెల్టు వాడితే బిడ్డ సరైన పొజిషనులో ఉండి నార్మల్ డెలివరీ అయిద్దంట కూడా.

లేబర్ రూమ్ సిస్టర్
ఏప్రిల్ 28, రాత్రి 11:10

గిత్తగారూ, మీరు చెప్పిన రెండూ తప్పే. తిట్టట్లేదు, కానీ ఇది చదివి ఇంకో పిల్ల ఊపిరి బిగబట్టుకుని బెల్టు బిగిస్తుంది, అందుకని చెప్తున్నా. బెల్టుకీ నార్మల్ డెలివరీకీ సంబంధం లేదు. బిగిస్తే పనిచేసేది కాదు, కింద నుంచి ఎత్తిపట్టుకుంటే పనిచేసేది.

అమ్మాయ్ కౌంటరూ, నువ్వు రాసిన "నాలుగు కడ్డీలు" దగ్గరే నాకు విషయం అర్థమైంది. అది గర్భిణులది కాదు. ఎల్.ఎస్. బెల్టు అంటారు, డిస్కు నొప్పి ఉన్న మగవాళ్లకీ పెద్దవాళ్లకీ ఎముకల డాక్టర్లు రాసేది. ముందూ వెనకా ఒకే వెడల్పు ఉంటుంది కదా, చదునైన పొట్టకి కుట్టింది. నీ పొట్ట మీద వేస్తే నడుమును పట్టుకోదు, పొట్టను నొక్కుతుంది. తేన్పులూ ఆయాసమూ దానివల్లే. తొడ బయటివైపు స్పర్శ తెలిపే నరం గజ్జ దగ్గర నుంచే దిగుతుంది, బెల్టు అంచో నాడా ముడో అక్కడ ఒత్తితే ఇట్లాగే తిమ్మిరెక్కుతుంది.

మావాళ్లు మూడు వేరువేరు వస్తువుల్ని "నడుం బెల్టు" అనే ఒక్క పేరుతో అడుగుతారు. ఒకటి నువ్వు కొన్నది. రెండోది మెటర్నిటీ బెల్టు: వెనక వెడల్పుగా ఉండి ముందుకొచ్చేసరికి సన్నబడుతుంది, పొట్ట కిందుగా పోతుంది. మూడోది కాన్పయ్యాక, ముఖ్యంగా ఆపరేషనయ్యాక వేసే పొట్ట పట్టీ, షాపులో అబ్డామినల్ బైండర్ అంటారు. కడుపుతో ఉన్నప్పుడు మూడోది వేసుకుని వచ్చినవాళ్లనీ చూశా. పొట్ట చుట్టూ డ్రమ్ముకి కట్టినట్టు కట్టుకొచ్చింది పాపం.

రేపటి నుంచి అది వేసుకోవద్దు. ఇన్నాళ్లూ వేసుకున్నందుకు బిడ్డకేదో అయిపోయిందని కుమిలిపోకు. బిడ్డ ఉమ్మనీటిలో ఉంటుంది, అంత తేలిగ్గా నలగదు. ఈ వారానికి కదలికలు తెలుస్తుంటాయి కదా, మామూలుగా ఉన్నాయా?

చీరల కౌంటరు
ఏప్రిల్ 28, రాత్రి 11:31

ఉండాయక్కా. రాత్రి పడుకుంటే ఒకటే తన్నులు. ఇప్పుడు రొంత ధైర్యం వచ్చింది. మా ఆయన్ని లేపి చూపించా, "నేను బెల్టంటే బెల్టే అడిగా" అంటాడు.

కందుకూరు మందులకొట్టు
ఏప్రిల్ 29, ఉదయం 7:40

సిస్టరుగారు మా షాపుల మీద నింద వెయ్యకముందే నేనే చెప్పుకుంటా. మగమనిషి వచ్చి నడుం బెల్టు ఇవ్వమంటే ఎవరికని మేం అడగాలి. అడగని రోజులూ ఉంటాయి, కొట్టు నిండా జనం ఉంటే. మీరే నోరు తెరిచి "కడుపుతో ఉన్నామెకి, ఎన్నో నెల" అని చెప్పండి.

కొలత గురించి ఒక మాట. జాకెట్టు సైజో నైటీ సైజో చెప్తారు. దాంతో పని లేదు. టేపు పెట్టి తుంటి దగ్గర, అంటే పిరుదులు ఎత్తుగా ఉండేచోట, పొట్ట కిందుగా చుట్టూ కొలవండి. అంగుళాల్లో ఆ అంకె తెచ్చి పెట్టె మీద పట్టికతో చూసుకోండి. కంపెనీ కంపెనీకీ సైజులు తేడా. రెండు సైజుల మధ్య పడితే పెద్దది తీసుకోండి, నెలలు పెరిగేకొద్దీ సర్దుకునే వీలుంటుంది. ఆమెనే తీసుకొచ్చి కొట్లో ఒకసారి చీర మీదే పెట్టి చూస్తే ఇంకా మంచిది. వాడింది వెనక్కి తీసుకోం, ఒంటికి తగిలే వస్తువు కదా.

ఫిజియో అక్క, ఒంగోలు
ఏప్రిల్ 29, మధ్యాహ్నం 2:15

తెలిసిన విషయం కనపడితే ఊరుకోలేను, అందుకే వచ్చా.

గర్భంలో రిలాక్సిన్ లాంటి హార్మోన్ల వల్ల కటి ఎముకల కీళ్లని పట్టి ఉంచే నరాలు (మనవాళ్ల మాటలోనే చెప్తున్నా, అవి లిగమెంట్లు) సాగుతాయి. కాన్పుకి దారి ఇవ్వడానికే ఆ ఏర్పాటు. దాంతోపాటు పొట్ట బరువు ముందుకి లాగుతుంటే నడుము లోపలికి వంగుతుంది. నువ్వు చెప్పిన రెండు గుంటల దగ్గర నొప్పి, పక్కకి తిరిగితే కలుక్కుమనడం, మెట్లెక్కితే పెరగడం, ఇవన్నీ ఆ కీళ్ల నొప్పి లక్షణాలే. కొందరికి ముందువైపు, పొత్తికడుపు కింద ఎముక కలిసేచోట వస్తుంది. ఈ రెంటికీ బెల్టు చాలామందికి కాస్త సుఖమిస్తుంది. అందరికీ ఇవ్వదు. వారం రోజులు సరిగ్గా వేసి చూసినా తేడా లేకపోతే పక్కన పెట్టెయ్, డబ్బులు పోయాయని మొహమాటానికి వేసుకోవద్దు.

వేసే పద్ధతి. ముందు బాత్రూముకి వెళ్లి రా. పలచటి నూలు బనియనో పొడుగు కమీజో మీద వెయ్యి, ఒంటి మీద వద్దు. మంచం మీద రెండు దిళ్లు పెట్టి వెనక్కి వాలితే పొట్ట పైకి జరుగుతుంది. అప్పుడు కింది పట్టీని తుంటి ఎముకల మీదుగా, పొట్ట మడత కిందకి తెచ్చి అంటించు. నిలబడి వేస్తే అప్పటికే జారిన బరువు మీద వేసినట్టు, అందుకే చాలామందికి పైకి ఎక్కుతుంది. బెల్టుకీ ఒంటికీ మధ్య రెండు వేళ్లు సులువుగా దూరాలి. లేచి నాలుగడుగులు వెయ్యి, కుర్చీలో కూర్చో. తొడల దగ్గర గుచ్చుకున్నా, గట్టిగా ఊపిరి తీసుకోలేకపోయినా విప్పి మళ్లీ వెయ్యి. లంగా నాడా ముడి పక్కకి జరుపుకో, లేదా ఎలాస్టిక్ పెట్టించుకో. ఆ ముడి బెల్టు కింద ఉంటే ఎంత మంచి బెల్టయినా గాటు పెడుతుంది.

మొదటిరోజు అరగంట చాలు. తర్వాత నిలబడే పని ఉన్నప్పుడు రెండేసి గంటలు, మధ్యలో కనీసం అరగంట విప్పు. అన్నం తినేటప్పుడు విప్పు. పడుకునేటప్పుడు అసలు వద్దు. పది గంటలు ఏకబిగిన కడితే నీ కండరాలు చెయ్యాల్సిన పని గుడ్డ చేస్తుంది, అవి బద్ధకిస్తాయి.

మంచం మీద తిరగడానికి చిట్కా: రెండు మోకాళ్లూ దగ్గరగా మడిచి, కాళ్లూ భుజాలూ ఒక్కసారే దొర్లించు. మోకాళ్ల మధ్య దిండు పెట్టుకుని పక్కకి పడుకో. చీర కట్టేటప్పుడు, లంగా తొడిగేటప్పుడు ఒంటికాలి మీద నిలబడకు, కూర్చుని తొడుక్కో. ఒక్క ఈ మార్పుతోనే సగం నొప్పి పోయినవాళ్లున్నారు.

ఆత్మకూరు అవ్వ మనవరాలు
ఏప్రిల్ 29, రాత్రి 8:30

మా అవ్వకి ఇదంతా చదివి వినిపించా. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తుండా.

"మా కాలంలో కడుపుతో ఉన్నప్పుడు ఎవురూ ఏం కట్టలా. నాట్లకి పోతే కొంగు తీసి పొట్ట కింద దోపుకునేవాళ్లం, అంతే. కట్టేది కాన్పయినాక, నడికట్టు. ఇప్పుడు పిల్లోళ్లు ముందే కట్టి, తర్వాత కట్టుకోమంటే సిగ్గుపడతారు."

కొండపి బేళ్లు
ఏప్రిల్ 29, రాత్రి 9:12

అవ్వ కాలంలో కట్టలేదేమో గానీ మా అమ్మ కట్టింది. మా అమ్మ పొగాకు గ్రేడింగుకి పోయే రోజుల్లో నేను కడుపులో ఉన్నానంట. నూలు తువాలు నాలుగు మడతలేసి పొట్ట కిందగా, వెనక్కి తుంటి మీదకి కట్టుకునేదంట. బెల్టు కొనలేనోళ్లకి ఇది పనికొచ్చిద్దా ఫిజియోగారూ?

ఫిజియో అక్క, ఒంగోలు
ఏప్రిల్ 29, రాత్రి 9:50

పనికొస్తుంది. చున్నీ అయినా సరే. మడత చదునుగా, నాలుగు వేళ్ల వెడల్పుకి తగ్గకుండా ఉండాలి. తాడులా మెలిపెడితే కోస్తుంది. ముడి పక్కన పడాలి, వెన్నెముక మీద వద్దు. బెల్టుకున్న నియమాలే దీనికీ.

లేబర్ రూమ్ సిస్టర్
ఏప్రిల్ 29, రాత్రి 10:04

పక్కదారి అయినా ఒక మాట. పొగాకు పనికి వెళ్లే గర్భిణులు ఎవరైనా చదువుతుంటే: పచ్చాకు, అందులోనూ తడి ఆకు పట్టుకుంటే నికోటిన్ చర్మంలోంచి ఒంట్లోకి దిగుతుంది. వాంతులూ తల తిరగడమూ వేవిళ్లనుకుంటారు. కడుపుతో ఉన్న నెలల్లో ఆకు కోతకీ, ఆకులు గుచ్చి తోరణాలు కట్టడానికీ వెళ్లకపోవడమే మంచిది. బెల్టు సంగతి తర్వాత.

చీరల కౌంటరు
మే 9, రాత్రి 10:20

అందరికీ చెప్పాల్సింది చాలా ఉండాది. పాతది మా మామకి ఇచ్చేశా, ఆయనకి ఎప్పటినుంచో నడుం నొప్పి. తుంటి కొలత నలభై రెండు వచ్చింది. ఎల్ సైజు తెచ్చుకున్నా. మొదటిసారి వేసుకుని లేచినప్పుడు ఎవరో వెనక నుంచి రెండు చేతులతో పొట్టని పట్టుకున్నట్టు అనిపించింది, నిజంగా. ఊపిరి బానే ఆడతాది. తిమ్మిరి లేదు.

కానీ కొత్త సమస్య. ఈ కత్తెర ఎండలకి బెల్టు కింద చెమట, ఎర్రగా పొక్కులు. షాపులో ఏసీ ఉంటాది కానీ వేదాయపాళెం నుంచి ఆటోలో వచ్చేసరికే తడిసిపోతాది. ఇంకోటి, రెండు గంటలకోసారి విప్పమన్నారు. యాడ విప్పేది? ట్రయల్ రూములోకి పోతే సూపర్‌వైజర్ "మళ్లీ ఎందుకమ్మా లోపలికి" అంటాడు.

కావలి కోడలు
మే 9, రాత్రి 10:41

చెమటకి నేను చేసింది చెప్తా. రెండు నూలు బనియన్లు పెట్టుకో, మధ్యాహ్నం తడిసింది మార్చెయ్. ఆటోలో బెల్టు వేసుకోకు, షాపుకొచ్చాక వేసుకో. పౌడరు దట్టించకు, చెమటకి ముద్దయి ఇంకా దురద పుడుతుంది. ఇంటికొచ్చి చన్నీళ్లతో కడిగి బాగా ఆరనివ్వు. పొక్కులు పోయేదాకా రెండుమూడు రోజులు బెల్టు మానేసెయ్. బెల్టును రోజూ కాకపోయినా రెండ్రోజులకోసారి చేత్తో ఉతుకు, నీడన ఆరెయ్. వెల్క్రో మూసి ఉతకాలి, లేకపోతే దారాలన్నీ దానికే పడతాయి. రోహిణికి రోళ్లు పగిలే ఎండలో ఆరేస్తే ఎలాస్టిక్ నెలకే సాగిపోతుంది, నాది పోయింది.

సగం లాయరు
మే 10, ఉదయం 6:55

బెల్టు గురించి నాకేం తెలీదు. స్టూలు గురించి తెలుసు.

1961 ప్రసూతి ప్రయోజనాల చట్టంలో నాలుగో సెక్షన్‌లో ఉండేది ఇది. 2025 నవంబరు నుంచి ఆ చట్టం పోయి, ఇవే నియమాలు 2020 సామాజిక భద్రతా కోడ్‌లోకి వచ్చాయి. కాన్పు తేదీకి ఆరు వారాల ముందు కాలం ఒకటుంది, దానికి ముందు ఒక నెల ఉంది. ఆ నెలలో, మీరు అడిగితే, బరువు పనీ ఎక్కువసేపు నిలబడే పనీ మీతో చేయించకూడదు. తర్వాతి ఆరు వారాల్లో సెలవు పెట్టకుండా పనికి వస్తున్నా అంతే. "మీరు అడిగితే" అన్నది ముఖ్యం. నోటిమాటగా కాదు, కాగితం మీద రాసి, నకలు దగ్గర పెట్టుకోండి. మీ లెక్కకి అది జూన్ రెండోవారం నుంచి మొదలవుతుంది. పదిమంది, అంతకు మించి పనిచేసే షాపులకి ఈ చట్టం వర్తిస్తుంది. 2017 సవరణ తర్వాత మొదటి ఇద్దరు పిల్లలకి జీతంతో సెలవు 26 వారాలు, అందులో ఎనిమిది వారాల దాకా కాన్పుకి ముందే వాడుకోవచ్చు. కాన్పు తేదీకి ముందు పన్నెండు నెలల్లో ఎనభై రోజులు పనిచేసి ఉండాలి.

ఇంకో సంగతి. షాపుల్లో నిలబడి పనిచేసేవాళ్లకి కూర్చునే హక్కు ఇస్తూ కేరళ 2018లో, పక్కనున్న తమిళనాడు 2021లో చట్టాలు సవరించుకున్నాయి. తడ దగ్గర సరిహద్దు దాటితే స్టూలు వస్తుందన్నమాట!

చీరల కౌంటరు
మే 10, రాత్రి 10:50

అన్నా, ఇది మా షాపులో ఒక్కరికీ తెలీదు. మేం పద్నాలుగుమందిమి. చూస్తా.

దర్శి రైతుబిడ్డ
జూన్ 21, రాత్రి 11:38

ఎవరన్నా మేలుకునున్నారా. మా ఆవిడకి ముప్పై ఒకటో వారం. పొద్దున్నించీ బెల్టు వేసుకునే ఉంది, ఇంట్లో శ్రావణానికి ముందే సున్నాలని పని ఎక్కువైంది. సాయంత్రం నుంచీ పొట్ట రాయిలా గట్టిపడి నొప్పి, మళ్లీ వదిలిద్ది. బెల్టు ఒత్తుడేమోనని తీసేసి గంటపైనే అయింది, తగ్గట్లా. ఈసారి గట్టిగా వేసినట్టుంది, పొద్దునకి తగ్గుద్దంటారా?

లేబర్ రూమ్ సిస్టర్
జూన్ 21, రాత్రి 11:44

ఎన్ని నిమిషాలకోసారి? చుక్క రక్తంగానీ నీళ్లు పోవడంగానీ ఉందా? బిడ్డ కదులుతోందా?

దర్శి రైతుబిడ్డ
జూన్ 21, రాత్రి 11:47

పదీ పన్నెండు నిమిషాలకి. రక్తం లేదు. కదులుతానే ఉందంట.

లేబర్ రూమ్ సిస్టర్
జూన్ 21, రాత్రి 11:49

పొద్దున దాకా ఆగొద్దు. బెల్టు నొప్పి బెల్టు తీస్తే పోతుంది. వచ్చి పోయే నొప్పి, అదీ లెక్కగా వస్తుంటే, 37 వారాల లోపు అయితే అది ఆసుపత్రి పనే. 108కి ఫోన్ చెయ్యండి. తల్లీబిడ్డ కార్డు, స్కానింగ్ కాగితాలు సంచిలో పెట్టుకోండి. బండి మీద కూర్చోబెట్టి తీసుకెళ్లకండి తమ్ముడూ. ఇక్కడ మళ్లీ రాయడానికి టైం పెట్టకండి, కదలండి.

దర్శి రైతుబిడ్డ
జూన్ 23, సాయంత్రం 5:10

సిస్టరుగారూ, మీ కాళ్లకి దణ్ణం. ఒంగోలులో చేర్చాం. మూత్రంలో ఇన్ఫెక్షనంట, నీళ్లు తాగక ఒళ్లు ఎండిపోయిందంట, దానివల్ల నొప్పులు మొదలయ్యాయన్నారు. సెలైన్ ఎక్కించి మందులిచ్చారు. ఒకవేళ ముందే కాన్పయితే బిడ్డ ఊపిరితిత్తులకి అండగా ఉండాలని సూదులు వేశారు. ఇప్పుడు నొప్పులు లేవు. బెల్టు ఇంట్లోనే పడేసొచ్చాం. మా అమ్మ దాన్ని చూస్తే తిడతానే ఉంది, దాని తప్పేం లేదని డాక్టరు చెప్పినా నమ్మట్లా.

లేబర్ రూమ్ సిస్టర్
జూన్ 23, రాత్రి 9:00

సంతోషం. ఇప్పుడు మిగతావాళ్ల కోసం రాస్తున్నా, ఈ చర్చ ఎలాగూ చదువుతున్నారు. బెల్టు ఉంది కదా అని ఓర్చుకోకూడనివి కొన్నున్నాయి. రక్తం, నీరు పోవడం, బిడ్డ కదలికలు తగ్గడం, తగ్గని తలనొప్పితో కళ్లు మసకబారడం, ముఖమూ చేతులూ ఉబ్బడం, మూత్రానికి మంట, జ్వరం, ఒక్క పిక్కే వాచి నొప్పిగా ఉండటం. వీటిలో ఏది కనిపించినా బెల్టు సర్దుకుంటూ కూర్చోవద్దు. మాయ కిందుగా ఉందన్నా, గర్భసంచి ముఖద్వారానికి కుట్టు వేశారన్నా, బీపీ ఎక్కువన్నా, కవలలన్నా డాక్టరుని అడక్కుండా బెల్టు కొనొద్దు. ప్రతి నెలా తొమ్మిదో తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకి డాక్టరు పరీక్ష ఉచితంగా ఉంటుంది, బెల్టు వేసుకునే వెళ్లి సరిగ్గా ఉందా అని చూపించుకోండి. ఆశా కార్యకర్తని అడిగితే తీసుకెళ్తుంది.

చీరల కౌంటరు
ఆగస్టు 19, మధ్యాహ్నం 3:30

నేనే. ఆగస్టు 11న పాప పుట్టింది. అడ్డం తిరిగిందని ఆపరేషన్ చేశారు. రెండు కేజీల తొమ్మిదొందలు. పాలు తాగతా ఉండాది, అందుకే ఒంటిచేత్తో టైపు చేస్తుండా.

ఇప్పుడు ఇంట్లో రెండు పార్టీలు. మా అమ్మ నడికట్టు కడతానని పాత వెంకటగిరి చీర చించి పెట్టింది, "కట్టకపోతే పొట్టలో గాలి చేరతాది, జీవితాంతం కుండలాగే ఉంటాది" అంటాది. మా ఆడబిడ్డ ఫోనులో ఏదో పొట్ట తగ్గించే బెల్టు చూపించి, రాత్రింబవళ్లు వేసుకుంటే నెలకే పాత నడుం వస్తాదంటది. నాకు కుట్లు ఇంకా లాగతానే ఉండాయి. పాత మెటర్నిటీ బెల్టే వాడొచ్చా?

ఆత్మకూరు అవ్వ మనవరాలు
ఆగస్టు 19, సాయంత్రం 6:00

పాపకి దీవెనలు చెప్పమంది అవ్వ. ఆమె మాట: "కోత పడినోళ్లకి మా చేతుల్తో మేం ఎప్పుడూ కట్టలా, మా కాలంలో కోతలు యాడ ఉండాయి. మామూలు కాన్పుకే మూడోనాటి దాకా ముట్టుకునేవాళ్లం కాదు. తుంటి కాడ మొదలుపెట్టి పైకి చుట్టాల, పైనుంచి కిందికి చుట్టేది తెలివితక్కువోళ్లు. అన్నం తిన్నాక వదులు చెయ్యాల. బిగదీసి కడితే మంచిదని ఎవురు చెప్పినా నమ్మొద్దు."

లేబర్ రూమ్ సిస్టర్
ఆగస్టు 19, రాత్రి 9:35

అవ్వ నాకంటే బాగా చెప్పింది. పైనుంచి కిందికి ఒత్తితే బరువంతా కటిలోకి, గర్భసంచి మీదకి దిగుతుంది. కాన్పులో సాగిన కండరాలు అప్పుడే దాన్ని మొయ్యలేవు.

పాత బెల్టు వద్దమ్మా. దాని కింది పట్టీ సరిగ్గా నీ కోత మీదే పడుతుంది. ఆపరేషనుకి వాడేది వెడల్పాటి పట్టీ. కుట్ల గీత దాని మధ్యలో పడాలి, అంచు కింద కాదు. అంచు రాసుకుంటే కుట్టు పచ్చిగా అవుతుంది. మంచం దిగేటప్పుడు, నడిచేటప్పుడు, దగ్గేటప్పుడు బాగా ఆసరాగా ఉంటుంది. కూర్చున్నా పడుకున్నా విప్పెయ్. స్నానం చేశాక కోత పూర్తిగా ఆరాకే, శుభ్రమైన నూలు గుడ్డ అడ్డం పెట్టి వెయ్యి. ఎర్రగా ఉబ్బినా, చీము, వాసన, జ్వరం ఉన్నా బెల్టు మూలకి పెట్టి ఆసుపత్రికి. దగ్గొస్తే దిండు పొట్టకి హత్తుకుని దగ్గు. లేచేటప్పుడు పక్కకి దొర్లి, చేత్తో నొక్కి లే, సూటిగా లేవకు.

గాలి చేరడం గురించి. గర్భసంచి తనంతట తానే ఆరు వారాల్లో చిన్నదవుతుంది, గుడ్డ కట్టినా కట్టకపోయినా. బెల్టు కొవ్వు కరిగించదు. నడికట్టు కట్టకుండా ఉంటే అమ్మ మనసు నొచ్చుకుంటుందనుకుంటే ఆరు వారాలయ్యాక, డాక్టరు చూశాక, వదులుగా కట్టించుకో. అమ్మకీ తృప్తి. ఫోనులో చూపించిందానికి మాత్రం డబ్బులు తగలెయ్యొద్దు. పథ్యం పేరుతో నీళ్లు ఆపితే ఒప్పుకోవద్దు. పాలిచ్చే తల్లికి దాహమేస్తుంది, మలబద్ధకమైతే ముక్కడానికి కుట్లు ఒప్పుకోవు.

పేరు చెప్పను
ఆగస్టు 20, రాత్రి 1:15

ఇది ఎక్కడా చెప్పలేదు, ఇక్కడ ఎవరికీ తెలియను కాబట్టి రాస్తున్నా. నాది నార్మల్ డెలివరీ. పొట్ట తగ్గాలని మూడు నెలలు పొద్దున్నించి పడుకునేదాకా బిగించి కట్టా, పడుకున్నాక కూడా చాలా రోజులు. పెళ్లిలో పట్టుచీర కట్టుకోవాలని. దగ్గితే మూత్రం పడేది, తుమ్మినా పడేది. అందరికీ అంతే అన్నారు. తర్వాత సాయంత్రాలు కింద ఏదో బరువుగా జారుతున్నట్టుండేది. డాక్టరు దగ్గర చెప్పడానికి రెండుసార్లు వెళ్లి చెప్పకుండానే వచ్చేశా. మూడోసారి చెప్పా. ఆమె మొదట అడిగింది బెల్టు గురించే. గర్భసంచి కొంచెం కిందికి దిగిందన్నారు. బెల్టు మాన్పించి వ్యాయామం నేర్పించారు. నాలుగు నెలలకి చాలా నయం. పెళ్లికి ఆ చీర కట్టలేదు.

ఫిజియో అక్క, ఒంగోలు
ఆగస్టు 20, ఉదయం 10:20

చెప్పినందుకు మీకు నమస్కారం. ఆ వ్యాయామం అందరికీ పనికొస్తుంది, కాన్పుకి ముందూ తర్వాతా. మూత్రాన్నీ గాలినీ ఒకేసారి ఆపుతున్నట్టు కింది కండరాలు లోపలికి పైకి లాగి ఐదు సెకన్లు పట్టు, అంతసేపూ వదులు. పదిసార్లు, రోజుకి మూడు పూటలా. ఊపిరి బిగబట్టొద్దు, పిరుదులు బిగించొద్దు. మూత్రం పోసేటప్పుడు ఆపి ఆపి చెయ్యొద్దు. ఆపరేషనైన వాళ్లు మూత్రం గొట్టం తీశాక మెల్లగా మొదలుపెట్టొచ్చు.

పొట్ట మధ్యలో కండరాలు విడిపోయాయా అని ఆరు వారాల తర్వాత చూసుకోండి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి తల కొంచెం ఎత్తితే బొడ్డు పైనా కిందా గాడి తెలుస్తుంది. రెండు వేళ్ల కంటే వెడల్పుగా ఉంటే నేరుగా సిటప్పులు మొదలుపెట్టకండి, ఎవరికైనా చూపించండి. ఆ గాడిని బెల్టు పూడ్చదు.

ఒంగోలు గిత్త
ఆగస్టు 20, రాత్రి 8:05

ఏప్రిల్‌లో రాసిన ముక్కకి సిగ్గేస్తంది. మా ఇంటామెకి ఇదంతా చదివి వినిపించా. "రెండో కాన్పు తర్వాత నాకూ దగ్గితే పడతానే ఉంది, నువ్వెప్పుడడిగావ్" అంది. రేపు తీసుకెళ్తన్నా.

చీరల కౌంటరు
అక్టోబరు 14, సాయంత్రం 4:45

పాప నవ్వుతా ఉండాది. కుట్లు మానినాయి. పొట్ట పట్టీ మూడు వారాలు వాడి వదిలేశా, నడికట్టు ఆరు వారాలయ్యాక అమ్మ చేత వదులుగా నాలుగురోజులు కట్టించుకున్నా, ఆమె ఆనందం చూడాల. గాడి వేలున్నర ఉండాది, ఫిజియో అక్క చెప్పినట్టే చేస్తుండా.

సగం లాయరు అన్నకి: జూన్‌లో కాగితం రాసి ఇచ్చా. ఓనరు చదివి ఏమీ అనలా, మర్నాటికి బిల్లింగు కౌంటరులో కూర్చోబెట్టినారు. నేను సెలవు పెట్టేసరికి ఆ స్టూలు మళ్లీ గోడౌనులోకి పోయిందంట. ఇప్పుడు అదే కౌంటరులో ఇంకో పిల్లకి అయిదో నెల. నా బెల్టు ఇద్దామని పోతే ఆ పిల్ల తుంటి ముప్పై ఆరు, నాది చుట్టూ తిరిగి మళ్లీ వస్తాది. కాగితం నకలు మాత్రం ఇచ్చా.

కాబట్టి ఎల్ సైజు, తుంటి నలభై నుంచి నలభై నాలుగు ఉన్నోళ్లు వేదాయపాళెం, మాగుంట లేఔటు వైపు ఎవరన్నా ఉంటే చెప్పండి. ఉతికి, నీడన ఆరేసి, వెల్క్రో మూసి పెట్టిండా. డబ్బులొద్దు. కడ్డీల బెల్టు అడగొద్దు, మా మామ ఇప్పుడు దాన్ని విప్పమన్నా విప్పట్లా.